ముంగిట ముగ్గు, మారుతున్న ఋతువు

విశాఖపట్నం రేవుకు దక్షిణాన, సముద్రంలోనికి ముక్కు చాచినట్లున్న కొండకు నావికులు డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టినారు. దాని మీద దీపస్తంభం ఉన్నది. ఆ కొండకు ఆవలి వైపున, మూడు దిక్కుల కొండలు, నాలుగవ దిక్కున సముద్రం కాపలాగా ఉన్న పల్లె యారాడ. కొండ ఎక్కి దిగితే గాని ఆ ఊరు కంటబడదు. ఇవతల రేవు, నూనెశుద్ధి కర్మాగారం, ఓడల కూతలు. అవతల ఇసుక, కొబ్బరిచెట్లు, తెప్పలు. ఒకే నగరానికి ఇవి రెండు ముఖాలు.

కొన్నేళ్ళ క్రిందట ధనుర్మాసంలో ఒక ఉదయం, జాలరుల పాటలు ధ్వనిముద్రణ చేసుకొనే పని మీద మేము ఆ ఊరు వెళ్ళినాము. ఒక ముంగిట ఒక వృద్ధురాలు ముగ్గు వేస్తున్నది. నడుమ పద్మం, చుట్టూ వరుసగా చేపలు. చేపలెందుకమ్మా అని అడిగితే ఆమె తల ఎత్తకుండానే, "వల్లో పడ్డా పడకపోయినా ముగ్గులో పడతాయి గదా బాబూ!" అన్నది. మేము నవ్వినాము. తిరుగుదారిలో మాత్రం ఆ మాట వదలలేదు. అది హాస్యమే, కాని అందులో ఒక వార్త కూడా ఉన్నది. సముద్రం మునుపటివలె లేదన్న సంగతి ఆమె ముగ్గులో చెప్పినది. ఆ సంగతినే మేము ఎన్నిమార్లు అంకెలలో చదివినాము! ఎందరు విన్నారు?

ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపాను విశాఖ ప్రజలెవరూ మరచిపోలేదు. ఒమాన్ దేశం సూచించిన ఒక పక్షి పేరు దానిది. వచ్చినది మాత్రం గంటకు 180 కిలోమీటర్ల ప్రాంతపు గాలి. కొండల మీద ఆకు నిలువలేదు. వీధులలో మహావృక్షాలు వేళ్ళతో సహా కూలినవి. దినాల తరబడి నగరంలో విద్యుత్తు లేదు. అంతకు ముందు రెండు మూడు రోజులుగా మేము హెచ్చరికలు చదువుతూనే ఉన్నాము: ఇన్ని కిలోమీటర్ల దూరం, ఇంత వేగం, ఇన్ని మీటర్ల ఉప్పెన. చదివిన మాటలో తప్పు లేదు. కాని ఫోను చేసిన వారిలో పలువురు అడిగినది ఒక్కటే: "అంటే ఎంత?" గాలి వేగాన్ని అంకెగా విన్నవారికి దాని బలం మనసున పట్టదు. చెవికి చేరినది కంటికి కూడా కనబడవలె.

ఈ మాట రేవుల వారికి ఏనాడో తెలుసు. 1864వ సంవత్సరంలో బంగాళాఖాతపు తీరాన నెల తిరుగక మునుపే రెండు ఘోరమైన తుపానులు సంభవించినవి. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న మన బందరు. ఒక్క బందరు ప్రాంతంలోనే సుమారు 30,000 మంది మరణించినారని ఆనాటి లెక్క. మరుసటి ఏట కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైనది. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపితమైనది. హెచ్చరికను సముద్రం మీద ఉన్నవానికి చేర్చడం ఎట్లా? అతనికి తంతి లేదు, చాలమందికి చదువు లేదు. అందుచేత రేవులోని స్తంభానికి పగటివేళ శంకువులు, డప్పుల ఆకారంలో పెద్ద గుర్తులు, రాత్రివేళ ఎరుపు, తెలుపు దీపాలు కట్టే పద్ధతి ఏర్పడినది. శంకువు కొన పైకి ఉంటే ఒక అర్థం, కిందికి ఉంటే మరొకటి. ఈనాడు వార్తలలో వినే ఒకటవ నంబరు, మూడవ నంబరు, పదవ నంబరు ప్రమాద సూచికలు ఆ గుర్తులకు పెట్టిన అంకెలే. బొమ్మ ముందు, అంకె తరువాత.

ఆ గుర్తులు కొన్ని గంటలకు, కొన్ని రోజులకు సరిపోతాయి. తుపాను వెళ్ళిపోతే వాటిని దించివేస్తారు. దించడానికి వీలులేని ప్రమాదం వస్తే ఏ గుర్తు కట్టవలె? వాతావరణ మార్పు అటువంటిది. అది ఒక రాత్రిలో తలుపు తట్టదు. 1901 నుంచి 2018 వరకు ప్రపంచపు సముద్రమట్టం సుమారు 20 సెంటిమీటర్లు పెరిగినదని శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘం నిర్ణయించినది. అంటే జానెడుకు కొంచెం తక్కువ. మూడు నాలుగు తరాలలో జానెడు! ఒడ్డున కూర్చున్నవానికి ఒక అల ఎత్తు ముందర ఇది ఏపాటి? అయినా అది తగ్గే జానెడు కాదు. ఈ శతాబ్దంలో పెరుగుదల వేగం ఏడాదికి 3 మిల్లీమీటర్లు దాటినది. మెల్లగా వచ్చే ఆపదను చూపడానికి మెల్లగా, నిత్యమూ మాట్లాడే బొమ్మ కావలె. అది మన ఇండ్లలో ఉన్నదా అని వెదకితే మన అలంకార కళల చరిత్ర కొత్త వెలుగులో కనబడుతుంది.

మొదట ముగ్గునే తీసుకొందాము. ముగ్గును అలంకారమని మాత్రమే తలచడం మనకు అలవాటు. కాని ధనుర్మాసంలో మొదలై సంక్రాంతికి ముగిసే ఆ నెల నాళ్ళ వరుస ఒక పంచాంగం వంటిది. సూర్యుని ఉత్తరాయణం, పంట ఇంటికి రావడం, పశువుల పండుగ, ఇవన్నీ నేలమీది గీతలలో ఒకటొకటిగా కనబడతాయి. కనుమనాడో, మరునాడో వేసే రథం ముగ్గుకు ఒక తాడు గీస్తారు. ఆ తాడును పక్కింటి రథానికి, పక్కింటి తాడును ఆ పై ఇంటికి కలుపుతూ పోతారు. వీధి అంతా ఒకే రథాన్ని లాగుతున్నట్లుంటుంది. ఒక ఇంటి మాట ఊరి మాటగా మారే విధానం అది.

చుక్కల ముగ్గులో మరొక విశేషమున్నది. అది ఇష్టం వచ్చినట్లు గీసేది కాదు. ఇన్ని వరుసలు, వరుసకు ఇన్ని చుక్కలు, అది సరి చుక్కా, సందు చుక్కా అన్నది ముందే నిర్ణయం. చుక్క తప్పితే ముగ్గు కలవదు. అక్షరాలు రాని స్త్రీలు కూడా ఈ లెక్కను తప్పు లేకుండా తరతరాలకు అందించినారు. అందం, లెక్క ఒకే వేలి కొసన ఉన్న కళ ఇది. ఈ మాటను చదువరులు గుర్తుంచుకోవలెనని కోరుతున్నాము. తరువాత దీనితో పని ఉన్నది.

రెండవది కలంకారి. బందరు అద్దకాల కీర్తి పదిహేడవ శతాబ్దంలో ఐరోపా దాకా పోయినది. డచ్చివారు, ఇంగ్లీషువారు ఆ బట్టల కోసమే బందరులో వర్తకశాలలు పెట్టినారు. ఆ ఎరుపు రహస్యం చిరివేరు అనే చిన్న మొక్క వేరులో ఉన్నది. సముద్రతీరపు ఇసుకనేలలో, గవ్వల సున్నం కలిసిన చోట పెరిగిన వేరుకు రంగు ఎక్కువ. బట్టను కరక్కాయ కషాయంలో, గేదెపాలలో నానబెట్టుట, పటికతో ఎరుపును నిలుపుట, ఇనుపముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టి నలుపు తీయుట, పారే నీటిలో జాడించుట, ఇసుకమీద ఎండలో ఆరవేసి నీళ్ళు చిలుకరించుట, ఇంత పని ఉన్నది. వీనిలో ఏ ఒక్కటి లోపించినా రంగు మారుతుంది. నది పారకపోతే బట్ట జాడింపు కుదరదు. ఎండ కాయకపోతే తెలుపు తేలదు. అందుచేత ప్రతి కలంకారి బట్ట, దానిమీద పువ్వులే ఉన్నా పురాణకథే ఉన్నా, ఆ ఏటి నీటికి, ఎండకు, నేలకు సాక్ష్యం. 1869లో చిరివేరు ఎరుపుకు మూలమైన పదార్థాన్ని పోలిన రంగును ప్రయోగశాలలో చేయడం ఐరోపాలో సాధ్యమైన తరువాత ఆ సాక్ష్యం బలహీనపడినది. రంగుకు నదితో పని లేకపోయినది. నది చిక్కిపోయిన సంగతి రంగు చెప్పడం మానివేసినది.

మూడవది మన ఉత్తరాంధ్రకు దగ్గరిది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండలలో, ఒడిశా సరిహద్దులకు ఇరువైపులా, సవరలు నివసిస్తున్నారు. వారి భాషకు వ్యాకరణం, నిఘంటువు కూర్చిన మహనీయుడు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడినది. సవరల ఇండ్లలో ఎర్రమన్ను పూసిన గోడమీద బియ్యపు పిండితో తెల్లని చిత్రాలు గీస్తారు. చూచేవారికి అది గోడకు అలంకారం. వారికి అది ఒక విన్నపం. ఇంట జబ్బు చేసినా, పంట సరిగా రాకపోయినా, చనిపోయిన పెద్దలు కలలో కనబడి ఏదో కోరినా, పూజారి చెప్పిన ప్రకారం చిత్రం గీయిస్తారు. చతురస్రపు చట్రం, అందులో సూర్యుడు, చంద్రుడు, చెట్లు, జంతువులు, వరుసలు తీరిన మనుష్యులు. ఈ చిత్రాలను చూచి, 1951లో మధ్యభారత గిరిజనుల కళపై, 1955లో సవరల మతంపై గ్రంథాలు ప్రకటించిన వెరియర్ ఎల్విన్ ఒక చిత్రమైన సంగతి గమనించినాడు. ఆ గోడలమీద ఏనుగుల పక్కన రైలుబండ్లు, విమానాలు, సైకిళ్ళు కూడా వచ్చి చేరినవి! అనగా ఆ కళ గడ్డకట్టినది కాదు. లోకంలో కొత్తగా ఏది తమ బ్రతుకును తాకినా దానికి గోడమీద చోటిచ్చినారు. కష్టం వచ్చినప్పుడే ఆ బొమ్మ పుట్టుట మరొక విశేషం. కష్టానికి కారణమేమి, దానికి మనమేమి చేయవలె అన్న ప్రశ్నతో పుట్టిన అలంకారమది. ఈనాటి మన అవసరానికి ఇంతకంటె దగ్గరి పూర్వరూపం మాకు కనబడలేదు.

నాలుగవది విశాఖకు పొరుగుననే, వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అంకుడు కర్రను తరిణె పట్టి, లక్కతో రంగులద్ది చేసే ఆ బొమ్మలు తెలుగు ఇండ్లలో బొమ్మల కొలువుకు పెట్టనివారు అరుదు. అంకుడు మెత్తని కర్ర. కొట్టిన మొదలు మళ్ళీ చిగురించే చెట్టు. మధ్యకాలంలో రసాయనపు రంగులు వచ్చి పాతరంగులను తరిమివేసినవి. సి.వి. రాజుగారి వంటివారి పట్టుదలతో పసుపు, నీలి, జాఫరా గింజలు, కరక్కాయ మొదలైన వాని నుంచి రంగులు తీసే విద్య మళ్ళీ నిలబడినది. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చినది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఏటికొప్పాక బొమ్మలే. ఆ బొమ్మలమీద వాతావరణం గురించి ఒక్క అక్షరం ఉండదు. కాని పసిపాప నోట పెట్టుకొన్నా హాని లేని రంగు, నరికినా చిగురించే కర్ర అనే రెండు మాటలతో అవి చెప్పవలసినది చెబుతున్నవి. ఇక్కడ సందేశం ఆకారంలో లేదు, పదార్థంలో ఉన్నది. అంకుడు కర్ర దొరకుట కష్టమైన నాడు ఆ కళ తానే అడవికి ప్రమాద సూచిక అవుతుంది.

ఇక లోకంవైపు ఒకసారి చూతము. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రజ్ఞురాలైన ఎలీ హైవుడ్ 2017లో ఒక దుప్పటి అల్లినారు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క సంవత్సరం. ఆ ఏడు భూమి సగటు వేడిమి ఎంతో దానిని బట్టి ఆ వరుస ఊలు రంగు. చల్లని ఏళ్ళకు నీలం, వేడి ఏళ్ళకు ఎరుపు. అదే విశ్వవిద్యాలయంలోని ఎడ్ హాకిన్స్ 2018లో ఇటువంటి ఆలోచననే పట్టీల చిత్రంగా ప్రకటించినారు. నిలువు పట్టీలు, పట్టీకొక సంవత్సరం. అంకె లేదు, అక్షరం లేదు. ఎడమవైపు నీలాలు, కుడివైపుకు పోయేకొద్దీ ఎరుపులు, చివరకు ముదురెరుపులు. ఆ చిత్రం పత్రికల ముఖపత్రాల మీద, మెడపట్టీల మీద, బస్సుల మీద, గోడల మీద ప్రపంచమంతా తిరిగినది. చదువు లేనివాడు కూడా దానిని చూచి, "ఇటు వచ్చేకొద్దీ మండుతున్నదే!" అనగలడు. 2024వ సంవత్సరం పారిశ్రామిక యుగానికి పూర్వపు సగటు కంటె ఒకటిన్నర డిగ్రీకి పైన వేడెక్కినదని, కొలతలు మొదలైన తరువాత అంత వేడి ఏడు లేదని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. ఆ వాక్యాన్ని మేము చదివితే ఒక నిమిషం పట్టదు; విన్నవారు మరచిపోవడానికీ అంతే. పట్టీల కొసన ఉన్న ఆ ముదురెరుపు మాత్రం కంటిలో నిలిచిపోతుంది.

ఆస్ట్రేలియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మార్గరెట్, క్రిస్టీన్ వర్త్‌హైమ్ అనే అక్కచెల్లెండ్రు 2005లో ఊలుతో పగడపు దీవి అల్లడం మొదలుపెట్టినారు. వేడెక్కిన సముద్రంలో పగడాలు రంగు కోల్పోయి తెల్లబారుతున్నవని చెప్పడం వారి ఉద్దేశం. వేలకొలది స్త్రీలు తమ తమ ఊళ్ళలో అల్లి ఆ దీవిని పెంచినారు. మన పొరుగున పూరీలో సుదర్శన్ పట్నాయక్ సముద్రపు ఇసుకతోనే భూతాపం మీద శిల్పాలు చేసినారు. అల వచ్చి తీసుకొనిపోయే కళ అది. ఇవన్నీ చూచినప్పుడు మాకు ఒక సంగతి తోచినది. వీరు కనిపెట్టినదంతా కొత్త సూత్రమేమీ కాదు. లెక్కకు రంగును కట్టివేయడం చుక్కల ముగ్గు సూత్రమే. నలుగురు స్త్రీలు కలిసి ఒకే బొమ్మను పొడిగించడం రథం ముగ్గు తాడే.

అయితే అలంకారమంతా సందేశం కాజాలదు. ఇటీవలి సంవత్సరాలలో మన నగరాలన్నింటివలె విశాఖలోనూ గోడలకు, వంతెనల స్తంభాలకు రంగుల చిత్రాలు వేయించినారు. తాబేళ్ళు, తిమింగలాలు, పచ్చని కొండలు. నగరం ముచ్చటగా ఉన్నది, అందుకు సంతోషమే. కాని కొండను తొలచి, దాని అడుగున కట్టిన గోడమీద కొండబొమ్మ గీస్తే అది జ్ఞాపకమా, ఓదార్పా? చూచి, "ఫరవాలేదు, అన్నీ బాగున్నవి" అనిపించే బొమ్మ హెచ్చరిక కాదు, జోలపాట. ఉదాహరణకు సముద్రపు తాబేలు సంగతే చూడండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలం చివర విశాఖ తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. పిల్ల ఆడో మగో నిర్ణయించేది ఇసుక వేడి. ఇసుక ఎక్కువ వేడెక్కితే ఎక్కువ ఆడపిల్లలు పుడతాయి. మరీ వేడెక్కితే గుడ్డులోనే చనిపోతాయి. గోడమీద ఆకుపచ్చని తాబేలు గీయడం తేలిక. ఆ గుడ్ల కింది ఇసుకలోని ఈ సంగతిని గీయడం కష్టం. ఆ కష్టానికి పూనుకొన్నప్పుడే చిత్రకారుడు మనకు ఉపకారి అవుతాడు.

సత్యం విషయంలో మరొక జాగ్రత్త కావలె. విశాఖ తీరాన ఇసుక కోసుకొనిపోతున్నది నిజమే. అదంతా సముద్రమట్టం పెరగడం వల్లనే అని బొమ్మ గీస్తే అది అబద్ధమవుతుంది. ఈ తీరాన ఏడాదిలో ఎక్కువకాలం అలలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. రేవు కట్టిన కాలంలోనే ఇంజనీర్లకు ఇది తెలుసు. 1933లో రేవు ప్రారంభమైననాడు ముఖద్వారానికి ఇసుక అడ్డుపడకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుగోడగా నిలిపినారు. గోడ అడ్డుపడితే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన ఉన్న తీరానికి ఇసుక కరువవుతుంది. త్రవ్విన ఇసుకను ఉత్తరపు తీరానికి చేర్చే పని అందుకే ఏళ్ళ తరబడి సాగినది. పెరిగే సముద్రం ఈ గాయాన్ని పెద్దది చేయగలదు. గాయం చేసినది మాత్రం అది ఒక్కటే కాదు. తుపానుల విషయమూ అంతే. తుపానుల సంఖ్య పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెప్పడం లేదు. వచ్చినవానిలో మహా తీవ్రమైన వాని పాలు, అవి కురిపించే వాన పెరుగుతాయని చెబుతున్నారు. 1864 నాటి బందరు ఉప్పెనను, 1977 నాటి దివిసీమ ఉప్పెనను ఈనాటి మార్పు ఖాతాలో వేయరాదు. ముగ్గులో ఒక చుక్క తప్పు పడితే కడకు గీత కలవదు. సందేశంలో ఒక అబద్ధం కలిస్తే నిజం కూడా నమ్మరు.

ఇంకొక చిక్కు కూడ ఉన్నది. దానిని దాటవేస్తే ఈ వ్యాసం కూడా జోలపాటే అవుతుంది. ఇది ఉక్కునగరం. 1966లో ఉక్కు కోసం సాగిన ఆందోళనలో 32 మంది ప్రాణాలర్పించినారు. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం జరిగినవి. ఎన్ని వేల ఇండ్లలో ఆ ఉక్కు అన్నం పెట్టినదో చెప్పనక్కరలేదు. అదే ఉక్కుకు బొగ్గు కావలె. ప్రపంచంలో మనుష్యులు వెలువరించే బొగ్గుపులుసు వాయువులో నూటికి 7 నుంచి 9 పాళ్ళు ఉక్కు పరిశ్రమదే. గాలిలో ఆ వాయువు పారిశ్రామిక యుగానికి ముందు పదిలక్షల పాళ్ళలో 280 పాళ్ళుండగా, ఈనాడు 420 దాటినది. బొగ్గుతో బ్రతికే ఊరిలో బొగ్గును గూర్చిన బొమ్మ గీయడం అంటే ఇంటి పెద్దను తప్పుపట్టినట్లుంటుంది. కొలిమి దగ్గర నిలిచే కార్మికుని దోషిగా చూపే బొమ్మ ఇక్కడ ఎవరికీ నచ్చదు, నచ్చకూడదు. సవర గోడచిత్రం ఇక్కడ మనకు దారి చూపుతుంది. అది ఎవరినీ నిందించదు. "మాకు ఈ కష్టం వచ్చినది, దీనికి ఏమి చేయమందురు?" అని అందరి ఎదుటా అడుగుతుంది. ఉక్కు మరొక విధంగా చేయవచ్చునా, కార్మికుని అన్నం పోకుండా పొగ తగ్గించవచ్చునా అన్న ప్రశ్నలు ఇంజనీర్లవీ, పాలకులవీ. ఆ ప్రశ్నలను మరువనీయకుండా కంటి ఎదుట నిలుపుట బొమ్మ పని.

కావున, చెప్పినదాని సారం ఇది: అలంకారం సందేశం కావలెనంటే ముగ్గువలె దానికి లెక్క ఉండవలె, ఏటికొప్పాక బొమ్మవలె దాని పదార్థం తన మాటను తానే కాదనకూడదు, సవర చిత్రంవలె అది మన కష్టం నుంచి పుట్టవలె. వీనికి తోడు మరొకటి: అది నిత్యం కొత్తగా గీయబడవలె. గోడమీది చిత్రం ఎంత గొప్పదైనా పది రోజులకు కన్ను దానిని దాటిపోతుంది. ముగ్గు ఉదయం పుట్టి మధ్యాహ్నానికి కాళ్ళ కింద చెరిగిపోతుంది. మరునాడు మళ్ళీ వేయవలె. వేసే చేయి ప్రతిదినమూ ఆలోచించవలె. అందువలన చూచేవానికంటె ముందు గీసేవారికే సందేశం చేరుతుంది. ఈ ఒక్క గుణం చేత ఈ సూక్ష్మమైన, నెమ్మదియైన ఆపదకు ముగ్గు తగిన వాహకమని మా అభిప్రాయం.

మా శ్రోతలకు ఒక చిన్న సూచన. వార్తలలో ప్రతిదినమూ నాటి గరిష్ఠ ఉష్ణోగ్రత వింటూనే ఉంటారు. ఉగాది నుంచి ఉగాది వరకు, దినానికొక వరుసగా, వేడిని బట్టి నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులలో ఒకటి ఎన్నుకొని బట్టమీద కుట్టవచ్చు, అల్లవచ్చు, లేదా గోడమీద ఒక పట్టీగా రంగు వేయవచ్చు. ఏ వేడికి ఏ రంగు అన్నది మొదటనే వ్రాసుకొని, మధ్యలో మార్చకూడదు. ఏడాది చివర మీ ఇంట ఒక ఋతుచక్రం వ్రేలాడుతుంది. అయితే ఒక్క విషయం మరువరాదు. ఒక్క ఏటి పట్టీ ఆ ఏటి ఎండావానలను మాత్రమే చూపుతుంది. శీతోష్ణస్థితి మారినదని చెప్పాలంటే శాస్త్రజ్ఞులు ముప్ఫై ఏళ్ళ సగటు చూస్తారు. ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి ఓపికకు ఎక్కువ. ఒక కుటుంబానికి ఎక్కువ కాదు. తల్లి మొదలుపెట్టిన వరుసను కూతురు కొనసాగిస్తే సరి. ముగ్గు మనదాకా వచ్చినది ఆ విధంగానే గదా!

మేము పలికిన మాట గాలిలో కలిసిపోతుంది. అది మా వృత్తిధర్మం. యారాడ ముంగిట వేసిన చేపలు కూడా ఆ మధ్యాహ్నానికే చెరిగిపోయి ఉంటాయి. కాని మరునాడు తెల్లవారక మునుపే ఆ వృద్ధురాలు మళ్ళీ చుక్కలు పెట్టి ఉంటుందనడంలో మాకు సందేహం లేదు. వలలో పడే చేపలు, ముగ్గులో పడే చేపలు వేరువేరు లెక్కలు కాకుండా చూచుకొనే భారం మాత్రం ఆమె ఒక్కతెది కాదు.